గడియ ఎవరి చేతిలో ఉంది? పెద్దవయసు ఏకాంతంపై ఒక సమీక్ష

కురుక్షేత్రం ముగిశాక పదిహేనేళ్ళపాటు ధృతరాష్ట్రుడు ధర్మరాజు నీడలోనే బతికాడు. ఆ తర్వాత అడవికి బయలుదేరితే గాంధారి వెంట నడిచింది. కన్నకొడుకులందరినీ పోగొట్టుకున్న ఆ దంపతులకు హస్తినలో మిగిలిందేమీ లేదు గనక వాళ్ళ ప్రయాణం మనకు సులువుగానే అర్థమవుతుంది. ఆలోచనలో పడేసేది కుంతి. కొడుకు రాజు, ఇంటి నిండా కోడళ్ళు, ముద్దుచేయడానికి మునిమనవడు. రాజమాతగా కూర్చోవలసిన వయసులో ఆమె గాంధారి చేతిని తన భుజం మీద వేయించుకుని దారి చూపిస్తూ నడిచింది. సాగనంపి తిరిగొస్తుందనుకున్న కొడుకులకు ఆమె రాదని ఆలస్యంగా తెలిసింది. బతిమాలారు, నిష్ఠూరమాడారు. ఇలా వదిలేసి పోయేదానివి మమ్మల్ని యుద్ధానికి ఎందుకు పురికొల్పావని భీముడు నిలదీశాడు. కొడుకులు పరులముందు చేయి చాచకూడదనే అప్పుడలా చేశానని, రాజ్యభోగం తన భర్త కాలంలోనే చూశానని, కొడుకులు గెలిచిన రాజ్యఫలం తనకు అక్కర్లేదని ఆమె చెప్పింది. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఆశ్రమవాస పర్వం చిన్నదే. యుద్ధపర్వాలకున్న పేరు దానికి లేదు. కానీ వయసు మళ్ళిన మనిషి నలుగురినీ వదిలి పక్కకు జరగాలని ఎందుకు కోరుకుంటుందన్న ప్రశ్నకు మన సాహిత్యంలో ఇంతకు మించిన సందర్భం నాకు కనబడలేదు.

ఈ సమీక్షలో చూడదలచుకున్నది ఆ ప్రశ్నే. వయసు పెరిగేకొద్దీ మనిషికి తనతో తాను ఉండటం రుచిస్తుందా? రుచిస్తే ఎందుకు? అది లోపలి నుంచి పండే గుణమా? లేక ఓపిక తగ్గి, వినికిడి తగ్గి, పిల్లలు దూరమై, విధిలేక చేసుకున్న సర్దుబాటుకు మనం పెట్టుకున్న మంచి పేరా? ధర్మశాస్త్రాల కాలం నుంచి నేటి మనస్తత్వ పరిశోధన దాకా దీని గురించి ఆలోచించినవాళ్ళు చాలామంది. వాళ్ళంతా ఒక్క మాట మీద లేరు. అవన్నీ చదివాక నాకు నిలిచిన అభిప్రాయం ఒకటుంది. పిలిస్తే పలికే మనుషులున్నారన్న ధీమాతో కాసేపు తలుపు వేసుకోగల శక్తిని వయసు ఇస్తుంది. ఆ తలుపు గడియ లోపలివైపు ఉంటే ఏకాంతం. బయటివైపు ఉంటే, ఎంత గౌరవంగా వేసినా, అది వెలి.

అడవికి దారి

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అని నాలుగు ఆశ్రమాలను ఒకదాని తర్వాత ఒకటి ఎక్కే మెట్లుగా మనం చిన్నప్పుడే వింటాం. ప్యాట్రిక్ ఒలివెల్ 1993లో వెలువరించిన 'ది ఆశ్రమ సిస్టమ్' గ్రంథం చూపించిన చరిత్ర వేరు. తొలి ధర్మసూత్రాల కాలంలో ఇవి చదువు ముగించిన యువకుడి ముందున్న నాలుగు దారులు. ఏదో ఒకటి ఎంచుకుని జన్మంతా అందులో నడవాలి. వాటిని వయసు ప్రకారం వరుసలో పెట్టడం తర్వాత జరిగింది. ఆ మార్పుతో ఏకాంతం కోరే కుర్రవాడికి సమాజం చెప్పిందేమిటంటే: ముందు ఇల్లు నిలబెట్టు, పిల్లల్ని పెంచు, పెద్దల ఋణం తీర్చు, అడవి ఎక్కడికీ పోదు. మనుస్మృతి ఆరో అధ్యాయం వెళ్ళవలసిన సమయానికి గుర్తులు కూడా ఇచ్చింది. ఒంటి మీద ముడతలు, నెరిసిన జుట్టు, మనవడి ముఖం. భార్యను కొడుకులకు అప్పగించైనా వెళ్ళవచ్చు, వెంటబెట్టుకునైనా వెళ్ళవచ్చు అంది.

దాని పరిమితి అక్కడే బయటపడుతుంది. ఎంచుకునే హక్కు ద్విజుడైన మగవాడిది. భార్యకు ఏది కావాలో ఎవరూ అడగలేదు. పొలంలోనో మగ్గం మీదో చివరి రోజు దాకా ఒళ్ళు వంచిన వాళ్ళ ఊసే లేదు. అందుకే వానప్రస్థాన్ని మన పూర్వుల పరిపూర్ణ పరిష్కారంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అయితే అందులో ఒక గొప్ప గుర్తింపు ఉంది. సంసారంలో తలమునకలుగా ఉన్న మనిషికి ఒక వయసు దాటాక వేరే రకం రోజు అవసరమవుతుందని, అలా కోరుకోవడం తప్పు కాదని, ఇంటివాళ్ళు అందుకు దారి ఇవ్వాలని అది ఒప్పుకుంది.

మన గ్రంథాలు ఏకాంతాన్ని ఒట్టిగా పొగిడి ఊరుకోలేదు కూడా. బృహదారణ్యక ఉపనిషత్తులో సృష్టికి మొదట ఒక్కడే ఉన్న పురుషుడి కథ ఉంది. ఒక్కడే ఉన్నందుకు ముందు భయపడ్డాడు. నేను తప్ప ఇంకొకటి లేనప్పుడు భయం దేని గురించి అనుకున్నాడు, భయం పోయింది. అయినా సంతోషం కలగలేదు. తోడు కావాలనుకున్నాడు. ఒంటరిగా ఉండటంలో భయం పోవడం ఒక సంగతి, ఆనందం కలగడం ఇంకో సంగతి అని ఆ కథ చెప్పినవాళ్ళకు తెలుసు. నేటి పరిశోధకులు ప్రశ్నావళులు పట్టుకుని విడదీయడానికి కష్టపడుతున్నది సరిగ్గా ఆ రెంటినే. భగవద్గీత పదమూడో అధ్యాయం నిర్జన ప్రదేశం మీద ఇష్టాన్ని, జనం గుంపు మీద అనాసక్తిని జ్ఞాన లక్షణాల్లో చేర్చింది. బౌద్ధుల సుత్తనిపాతంలో ఖడ్గమృగంలా ఒంటరిగా సంచరించమనే సుత్తం ఉంది, అదే బుద్ధుడు భిక్షువులకు సంఘాన్నీ ఏర్పరచాడు. జపాన్‌లో కామో నో చోమే ముసలితనంలో కొండమీద చిన్న గుడిసెలో ఉంటూ 1212లో 'హోజోకి' రాశాడు. ఫ్రాన్సులో మాంటేన్ 1571లో, ముప్పై ఎనిమిదో పుట్టినరోజున, ఉద్యోగం వదిలి తన బురుజులోని పుస్తకాల గదికి చేరాడు. ఇలాంటి పేర్లు ఇంకా చెప్పుకుంటూ పోవచ్చు. కానీ అవి మహానుభావుల కథలు. మామూలు మనిషికి ఏమవుతుందో తెలియాలంటే ఇరవయ్యో శతాబ్దానికి రావాలి.

తగ్గే బలగం, పెరిగే ఇష్టం

1961లో అమెరికాలో ఎలేన్ కమింగ్, విలియం హెన్రీ 'గ్రోయింగ్ ఓల్డ్' అనే పుస్తకం ప్రచురించారు. కాన్సాస్ సిటీలో నడివయసు వాళ్ళనూ వృద్ధులనూ కొన్నేళ్ళు గమనించి చేసిన అధ్యయనం అది. వయసు మళ్ళిన మనిషి సమాజం నుంచి, సమాజం ఆ మనిషి నుంచి మెల్లగా పక్కకు జరుగుతారని, అది ఇద్దరికీ సహజమేనని వాళ్ళు తేల్చారు. దుమారం రేగింది. రాబర్ట్ హావిగ్‌హర్స్ట్ లాంటివాళ్ళు ఎదురు నిలిచి, పదిమందిలో తిరుగుతూ పనిలో ఉన్నవాళ్ళే వృద్ధాప్యంలో తృప్తిగా ఉంటారన్నారు. కమింగ్, హెన్రీల మాటలో ప్రమాదముంది. పెద్దవాళ్ళను పక్కన పెట్టదలచుకున్న సమాజానికి అది శాస్త్రం పేరుతో దొరికిన సాకు. హావిగ్‌హర్స్ట్ మాటలోనూ ఒక ఒత్తిడి ఉంది. రిటైరైన మనిషి రోజూ ఏదో సంఘానికో యాత్రకో వెళ్ళకపోతే ఏదో లోపమున్నట్టు చూసే ధోరణికి బీజం అక్కడుంది.

ఈ వాదాన్ని మలుపు తిప్పింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని లారా కార్స్టెన్‌సెన్. పెద్దవాళ్ళ పరిచయాల సంఖ్య తగ్గే మాట నిజమే, కానీ తగ్గేది అంచుల్లో ఉన్నవాళ్ళేనని, గుండెకు దగ్గరివాళ్ళు అలాగే ఉంటారని ఆమె చూపించారు. ఎందుకలా? ఆమె అడిగిన ప్రశ్న తేలికైనది. ఒక అరగంట ఖాళీ దొరికింది, ఎవరితో గడుపుతారు: ఇంట్లో దగ్గరి మనిషితోనా, ఇప్పుడే చదివిన పుస్తకం రాసిన రచయితతోనా, కొత్తగా పరిచయమై అభిరుచులు కలిసిన వ్యక్తితోనా? పెద్దవాళ్ళు ఎక్కువగా దగ్గరి మనిషినే కోరుకున్నారు. చిన్నవాళ్ళలో అంత మొగ్గు లేదు. కొత్త వైద్యం వల్ల ఇంకో ఇరవై ఏళ్ళు ఆయుష్షు కలిసొస్తుందనుకోండి అంటే పెద్దవాళ్ళ మొగ్గు పోయింది. త్వరలో ఊరు వదిలి దూరం వెళ్ళిపోతున్నారనుకోండి అంటే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళలా జవాబిచ్చారు. అంటే దీన్ని నడిపేది పుట్టినతేదీ కాదు, ఇంకెంత కాలం ఉందన్న స్పృహ.

దీనికి హాంకాంగ్ ఇచ్చిన సాక్ష్యం నన్ను బాగా కదిలించింది. 1997 జూలైలో ఆ నగరం బ్రిటన్ చేతి నుంచి చైనా చేతికి మారింది. హెలెన్ ఫంగ్ బృందం అంతకు ఏడాది ముందు ఇదే ప్రశ్న అడిగితే పెద్దలకూ చిన్నలకూ మామూలు తేడా కనిపించింది. ఆ రోజుకు రెండు నెలల ముందు అడిగితే తేడా మాయమైంది. కుర్రవాళ్ళు కూడా తమవాళ్ళ చెంతకే చేరారు. ఏడాది గడిచి నగరం కుదుటపడ్డాక మళ్ళీ తేడా వచ్చేసింది. ఒక ఊరంతా కొన్ని నెలలపాటు ముసలిదైపోయి తిరిగి పడుచుదైందన్నమాట.

అయితే కార్స్టెన్‌సెన్ సిద్ధాంతం తక్కువ మందిని ఎందుకు కోరుకుంటామో చెబుతుంది. ఎవరూ లేకుండా ఉండాలని ఎందుకు కోరుకుంటామో చెప్పదు. చాలా వ్యాసాల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు. రెండో దాన్ని సూటిగా పట్టుకున్నది స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన లార్స్ టోర్న్‌స్టామ్. 1989 నుంచి ఆయన ప్రతిపాదిస్తూ వచ్చిన సిద్ధాంతం ప్రకారం పెద్దవయసులో కాలం, చావు, తాను అన్నవాటి గురించిన భావనలే మారతాయి. పైపై పరిచయాల మీద ఆసక్తి తగ్గి తనలోకి చూసుకునే ఏకాంతం అవసరమనిపిస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్ళు దిగులనో మతిమరుపనో అనుకోకూడదని ఆయన నర్సులకు, సంరక్షకులకు పదేపదే చెప్పేవారు. దీన్ని కొలవడం కష్టం, అందుకే విమర్శలూ వచ్చాయి. నా మటుకు నాకు, వానప్రస్థం ఊహించినదానికి ఆధునిక శాస్త్రంలో అతి దగ్గరగా వచ్చిన మాట ఇదే.

ఆంథొనీ స్టార్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1988లో ఏకాంతం మీదే ఒక పుస్తకం రాశాడు. సుఖమంతా సంబంధాల్లోనే ఉందని తన వృత్తివాళ్ళు అనుకోవడం ఏకపక్షమన్నాడు. అందులో కళాకారుల మూడో దశ గురించిన అధ్యాయం ప్రత్యేకం. బీథోవెన్ చివరి రచనల్లో శ్రోతను మెప్పించే తాపత్రయం తగ్గి, తనకు తానే ఏదో తేల్చుకుంటున్న ధోరణి వస్తుందంటాడు. వయసు మళ్ళినవారి ఏకాంతంలో పని ఉందని, అది ఖాళీ కాదని గుర్తుచేసేందుకు ఇది అక్కరకొస్తుంది.

కొలతలు చెప్పేవి

రీడ్ లార్సన్ బృందం ఒక పద్ధతి వాడింది. మనుషుల దగ్గర పేజర్ ఉంచి, రోజులో అనుకోని వేళల్లో అది మోగినప్పుడల్లా ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, మనసెలా ఉంది అన్నది అప్పటికప్పుడు రాయించడం. రిటైరైనవాళ్ళు మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగం ఒంటరిగానే గడుపుతున్నారని 1980ల్లో వాళ్ళకు తేలింది. యౌవనంలో ఉన్నవాళ్ళకు ఒంటరి గంటలు దిగులును తెస్తే, పెద్దవాళ్ళకు అంతగా తేలేదు.

అలాగని వయసు ఒక్కటే చాలదు. 2014లో 'సైన్స్' పత్రికలో తిమొతీ విల్సన్ బృందం ప్రచురించిన ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్, పుస్తకం ఏమీ లేకుండా పావుగంట గదిలో ఊరికే కూర్చోమంటే, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు తమకు తామే కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. అంతకుముందే ఆ షాక్ రుచి చూసి, డబ్బిచ్చైనా తప్పించుకుంటామన్నవాళ్ళే వీళ్ళు. వీళ్ళు విద్యార్థులు గనక అలా చేశారని అనుకోబోతే, అదే వ్యాసంలో బయటి జనంతో, 77 ఏళ్ళవాళ్ళ దాకా చేసిన పరీక్షలో వయసుకూ ఆ సుఖానికీ సంబంధం కనబడలేదు. ఏకాంతం వయసుతోపాటు దానంతటదే వస్తుందని నమ్మేవాళ్ళు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. నా ఉద్దేశంలో ఆ గదిలో వాళ్ళకిచ్చింది ఏకాంతం కాదు, శూన్యం. మన పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఊరికే ఉండరు. చిక్కుడుపాదుకు పందిరి కడతారు, పూలు మాల కడతారు, బియ్యంలో రాళ్ళు ఏరతారు, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదువుతారు, జపం చేసుకుంటారు. చేతికి పని, మనసుకు తీరిక. ఆ కలయికే వాళ్ళ ఏకాంతానికి ఆకారమిస్తుంది.

రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో థుయ్-వీ న్గుయెన్, రిచర్డ్ రయన్, ఎడ్వర్డ్ డెసీ 2018లో ప్రచురించిన పరిశోధన దీని పక్కన పెట్టి చదవాలి. పావుగంట ఒంటరిగా కూర్చున్నాక మనసులోని ఉద్వేగాలు చల్లబడ్డాయి. కోపం, ఆందోళనతోపాటు ఉత్సాహం, ఉరకలు కూడా తగ్గాయి. ఈ ఫలితం నుంచి నేను ఊహించేది ఒకటుంది. ఇరవై ఏళ్ళవాడికి ఉత్సాహం చల్లారడం నష్టమనిపిస్తుంది. అరవై దాటిన నాబోటివాళ్ళకు ఆ చల్లదనమే కావాలి. పెళ్ళి భోజనాల హడావిడి ముగిసి ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక కలిగే హాయిని యౌవనంలో నేను ఎరగను.

న్గుయెన్, నెట్టా వైన్‌స్టైన్, హెదర్ హాన్సన్ కలిసి యుక్తవయసువాళ్ళ నుంచి వృద్ధుల దాకా రెండువేల మందికి పైగా ఏకాంతం గురించి రాసిన స్వీయ అనుభవాలను పరిశీలించారు. 2021లో వచ్చిన ఆ వ్యాసంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కువ ప్రశాంతంగా ఉన్నామన్నది పెద్దవాళ్ళే. రెండేళ్ళకు వైన్‌స్టైన్ బృందం 35 ఏళ్ళు దాటిన 178 మందితో 21 రోజుల డైరీ రాయించింది. ఎక్కువసేపు ఒంటరిగా ఉన్న రోజు ఒత్తిడి తగ్గింది, తన ఇష్టప్రకారం తాను ఉన్నానన్న భావం పెరిగింది. అదే రోజు ఒంటరితనమూ పెరిగింది, తృప్తి కాస్త తగ్గింది. లాభం, నష్టం ఒకే రోజులో, ఒకే మనిషిలో. ఎన్ని గంటలైతే సరిపోతుందన్న లెక్క తేలలేదు. తేలింది ఒకటే: కావాలని ఎంచుకున్న ఏకాంతమైతే ఆ నష్టాలు తగ్గాయి లేదా కనబడకుండా పోయాయి.

ఒంటరితనం మాటేమిటి?

రెండో వైపు లెక్కలు భయపెట్టేవే. 2010లో జూలియాన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. బలమైన సంబంధాలున్నవాళ్ళు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేల్చింది. 2015లో ఆమె ఇంకో సమీక్షలో ఒంటరితనం భావన, మనుషులతో సంబంధం లేకపోవడం, ఇంట్లో ఒక్కరే ఉండటం అనే మూడింటినీ విడివిడిగా చూస్తే, మూడూ మరణ ప్రమాదాన్ని పాతిక నుంచి ముప్పై రెండు శాతం మధ్య పెంచేవిగా కనిపించాయి. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం సమస్యకు మంత్రులనే నియమించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారంది.

ఈ నివేదికలు చదివి ఇంట్లో ఒక్కత్తే ఉంటున్న అమ్మ గురించి దూరాన ఉన్న పిల్లలు కంగారుపడటం సహజం. కానీ వాటిలోనే ఉన్న రెండు విషయాలు ఎవరూ ఎత్తి చెప్పరు. 2015 సమీక్షలో ఈ ప్రమాదం సగటు వయసు 65 లోపు ఉన్న బృందాల్లోనే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో ఒంటరితనం ఎక్కువగా చెప్పుకున్నది టీనేజీ పిల్లలు, యువకులు. ముసలివాళ్ళంటేనే బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్ళన్న మన ఊహకు ఇది ఎదురు. ఇంటర్ హాస్టల్లో వందలమంది మధ్య ఉన్న పదహారేళ్ళ పిల్లవాడి గురించి అడగవలసిన ప్రశ్నను మనం అమ్మమ్మను అడుగుతున్నాం.

ఏకాంతం మేలు చేస్తుందన్న పరిశోధన, ఒంటరితనం చంపుతుందన్న పరిశోధన రెండూ నిజమెలా అవుతాయి? నాకు దారి చూపింది డొనాల్డ్ వినికాట్. పిల్లల వైద్యుడిగా, మానసిక విశ్లేషకుడిగా లండన్‌లో పనిచేసిన ఆయన 1958లో ఒంటరిగా ఉండగల సామర్థ్యం గురించి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. పసివాడు ఒంటరిగా ఉండటం నేర్చుకునేది తల్లి పక్కన ఉన్నప్పుడేనన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది, పిలిస్తే వస్తుంది. అందుకే వాడు నట్టింట్లో తన ఆటలో తాను మునిగిపోగలడు. ఆ ధీమా లోపల కుదిరినవాడే పెద్దయ్యాక నిజంగా ఎవరూ లేని గదిలోనూ స్థిమితంగా ఉండగలడు. థెరీసా పౌలి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఇదే కథ చివరి అధ్యాయంలా చదువుకోవచ్చు. మంచి సంబంధాలున్న పెద్దవాళ్ళను రోజువారీ ఒంటరి గడియలు అంతగా బాధించలేదు. కుంతి కూడా ఎవరూ లేని చోటుకు పోలేదు. వెంట గాంధారి, ధృతరాష్ట్రుడు, విదురుడు, సంజయుడు ఉన్నారు.

మన ఇళ్ళలో

2017-18లో 45 ఏళ్ళు దాటిన 72 వేలమందితో వృద్ధాప్యం మీద జరిగిన లాసీ (లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా) సర్వే ప్రకారం దేశంలో 60 దాటినవాళ్ళలో ఒక్కరే ఉంటున్నవారు 5.7 శాతం. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 2021 అంచనాల్లో దేశ జనాభాలో వృద్ధులు 10.1 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదు, బెంగళూరుల్లోనో ఉండగా పెద్ద పెంకుటింట్లో ఇద్దరే, తర్వాత ఒక్కరే మిగిలిన ఇళ్ళు కోనసీమలోనూ కృష్ణా తీరంలోనూ వీధికి ఎన్నో. ఇవి పైకి ఒకేలా కనిపిస్తాయి. వాటిలో ఏ తలుపు గడియ ఎటువైపు ఉందో జనాభా లెక్క చెప్పలేదు.

మన కుటుంబాల్లో ఏకాంతం ఒక శిక్షగా వాడుకలో ఉన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. పెద్దవాళ్ళు ఏ విషయంలోనైనా కలగజేసుకుంటే, కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక మీకెందుకివన్నీ అంటారు. భక్తి పేరుతో ఒక మనిషిని నిర్ణయాల నుంచి తప్పించడం అది. భర్త పోయిన స్త్రీని చీకటి గదిలో కూర్చోబెట్టిన కాలం అంతకన్నా క్రూరమైనది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం ఆ గది తలుపు మీద పడిన మొదటి గట్టి దెబ్బల్లో ఒకటి. ఆ చరిత్ర ఉన్నచోట ఒంటరి స్త్రీ ఏకాంతాన్ని మెచ్చుకునేటప్పుడు జాగ్రత్త కావాలి.

అయినా ఆడవాళ్ళ విషయంలోనే ఈ ప్రశ్న అన్నిటికన్నా లోతైనదని నా నమ్మకం. పుట్టింట్లో అక్కచెల్లెళ్ళ మధ్య పడక, అత్తింట్లో వంటిల్లు, తర్వాత పిల్లలు, అత్తమామల మందులు, మనవల స్కూలు డబ్బాలు. తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచి తాగే కాఫీ తప్ప తనదంటూ ఒక గంట ఎరగని స్త్రీలు మన ఇళ్ళలో కోకొల్లలు. డెబ్భయ్యో ఏట అలాంటి స్త్రీ నేనిక్కడే ఉంటాను, మీ దగ్గరికి రాను అంటే అందులో అలక వెతుకుతాం, కోడలితో పడలేదేమోనని ఆరా తీస్తాం. జీవితంలో మొదటిసారి తనకు ఇష్టమైనప్పుడు అన్నం వండుకోవడం, ఇష్టం లేకపోతే మానేయడం, రాత్రి పదకొండింటికి లైటు వేసి నవల చదువుకోవడం ఎంత పెద్ద స్వేచ్ఛో మనకు తోచదు. అబ్బూరి ఛాయాదేవి కథల్లో ఈ స్త్రీకి చోటు దొరికింది. 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న 'తన మార్గం' సంపుటికి పేరిచ్చిన కథలో, భర్త పోయాక పిల్లల పంచన చేరకుండా తన ఇంట్లో తానుండాలనుకున్న పెద్దావిడను ఛాయాదేవి ఏ ఆర్భాటమూ లేకుండా చూపించారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒంటరితనానికీ తనతో తాను ఉండటానికీ తేడా గురించి జీవితమంతా మాట్లాడారు. ఆయన ఆలోచనలంటే ఛాయాదేవికి ఇష్టం. ఆవిడ చివరి సంవత్సరాలు హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిచాయి. భోజనానికి పదిమంది, మిగతా సమయానికి తన గది. వృద్ధాశ్రమం అనగానే కన్నీళ్ళు పెట్టుకునే మన సినిమాలు ఈ కోణాన్ని ఎప్పుడూ చూడలేదు.

మగవాళ్ళ సంగతి వేరు. ఆఫీసు, టీ కొట్టు, రచ్చబండల మీద బతికినవాళ్ళకు భార్య పోగానే ఇల్లు అడవైపోతుంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి ఏకాంతం రుచించదు. అన్నం పెట్టుకోవడం రానివాడు ఒంటరిగా ఉండటాన్ని ఎలా ఎంచుకుంటాడు? ఇక్కడ కావలసింది తత్త్వం కాదు, నలభయ్యో ఏటనే వంట నేర్చుకోవడం.

అన్నీ వదిలి కొండ చేరినవాళ్ళ ఉదాహరణలూ మనకున్నాయి. చలం 1950లో తిరువణ్ణామలై వెళ్ళి 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. అయితే కుటుంబాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాడు, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన్ను అక్కడికి లాగిన రమణ మహర్షి పదహారో ఏట ఒంటరిగా అరుణాచలం చేరి ఏళ్ళతరబడి గుహల్లో ఉన్నవాడే. ఏకాంతం చోటులో లేదు, మనసులో ఉందని, సంతలో ఉన్నా అది దొరుకుతుందని ఆయన చెప్పేవారు. మహర్షికి అది నిజం. ముగ్గురు మనవలు, ఒక టీవీ ఉన్న హాల్లో మంచం వేయించుకున్న తాతగారికి ఆ మాట చెప్పడం మాత్రం న్యాయం కాదు. చోటు కూడా కావాలి.

దాన్ని గురించి మనం ఆలోచించడం లేదు. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఒకటి కొడుకు కోడళ్ళది, ఇంకోటి చదువుకునే పిల్లలది. పెద్దవాళ్ళ మంచం హాల్లో, ఇంటికి ఎవరొచ్చినా లేచి కూర్చోవలసిన చోట. బయట జనం తగ్గి లోపల జనం తగ్గని స్థితి వాళ్ళది. మాట్లాడే తోడు లేదు, తలుపు వేసుకునే గదీ లేదు. వినికిడి తగ్గినవాళ్ళకు ఇది రెట్టింపు బాధ. నలుగురి నవ్వుల మధ్య కూర్చుని ఒక్క మాటా అందనప్పుడు కలిగేది ఒంటరితనంలోకెల్లా చేదైనది. వాళ్ళు లేచి వెళ్ళిపోతే విరక్తి అనుకుంటాం. వినికిడి యంత్రం కొనిపెడితే తిరిగొచ్చి కూర్చోవచ్చు. అప్పుడు కూడా వెళ్ళిపోతే అది వాళ్ళ ఇష్టం, గౌరవించాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా పెద్దవయసు ఏకాంతం గురించి చెప్పే ఏ సిద్ధాంతమూ ఆ ఇంటికి పనికిరాదు. డబ్బు సంగతీ అంతే. పింఛను, సొంత పేరున ఇల్లు, రాత్రి ఛాతీలో నొప్పొస్తే ఎత్తే ఫోను ఉన్నవాళ్ళకే ఏకాంతం ఎంచుకునే వస్తువు. నెలకు ఒకసారి చేతికొచ్చే ప్రభుత్వ పింఛనుతో గుడిసెలో ఒక్కత్తే ఉన్న ముసలమ్మ ప్రశాంతంగా ఉందని రాసే ముందు, వేరే దారి ఉంటే ఎక్కడుండేదానివని ఆమెను అడిగి రావాలి.

దూరాన ఉన్న పిల్లలు ఫోనులో అడిగే మొదటి ప్రశ్న ఒక్కదానివే ఉన్నావా, తోచుబడి అవుతోందా అన్నది. ప్రేమతోనే అడుగుతారు. జవాబు ముందే అందులో ఉంది గనక అమ్మ కూడా అవుతోందిలే అనేసి ఊరుకుంటుంది. నీ రోజులో నీకు బాగా నచ్చే గంట ఏది, ఆ వేళప్పుడు ఫోను చేయకుండా ఉండమంటావా అని అడిగితే ఏం చెబుతుందో తెలుసుకోవలసే ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని ఆమె చెబితే, ఆ రెండు గంటలూ ఫోను మోగకూడదు. ఏడింటికి మాత్రం తప్పకుండా మోగాలి.